సిగ్నల్ 11తో పడిపోతున్న పీహెచ్‌పీ: ఆధారం ఎక్కడుంటుంది, ఎలా చదవాలి

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇది. ఎంజిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ వెనకాల పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం 8.2 (వర్కర్లు అనే చైల్డ్ ప్రాసెస్‌లను పెట్టి పీహెచ్‌పీ పేజీలు నడిపేది) నడుస్తోంది. రోజుకు నాలుగైదు సార్లు కొందరికి 502 పేజీ కనిపిస్తోంది. ఎఫ్‌పీఎం లాగ్‌లో "చైల్డ్ ఎగ్జిటెడ్ ఆన్ సిగ్నల్ 11" అని వస్తోంది, పీహెచ్‌పీ ఎర్రర్ లాగ్‌లో మాత్రం ఏమీ పడటం లేదు. మెమరీ లిమిట్ 128 ఎంబీ నుంచి 1 జీబీకి పెంచినా తేడా లేదు. సర్వీస్ రీస్టార్ట్ చేస్తే గంటో రెండు గంటలో బాగుండి, మళ్లీ మొదటికొస్తోంది.

ముందు ఆ 1 జీబీని మళ్లీ 128కి తెచ్చేయండి. మెమరీ లిమిట్ దాటడం అనేది క్రాష్ కాదు. అది దాటితే పీహెచ్‌పీ తనంతట తాను ఆగి, 134217728 బైట్ల పరిమితి అయిపోయిందని ఫేటల్ ఎర్రర్ రాసి, ఏ ఫైల్లో ఏ లైనో కూడా చెప్పి పోతుంది. (ఆ పెద్ద అంకె 128 ఎంబీయే.) మీ లాగ్‌లో అది లేదంటే మీ సమస్య అది కాదు. పైగా 1 జీబీ ఇవ్వడం వల్ల కొత్త ప్రమాదం తెచ్చుకున్నారు. ఆ పరిమితి ఒక్కో రిక్వెస్ట్‌కు విడిగా వర్తిస్తుంది. 30 వర్కర్లు ఉంటే, ఏదో ఒక రోజు అవన్నీ కలిసి సర్వర్‌లో ఉన్న ర్యామ్ కంటే ఎక్కువ అడగొచ్చు. అప్పుడు కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఏదో ఒక ప్రాసెస్‌ను చంపాల్సి వస్తుంది. చాలాసార్లు అది డేటాబేస్ అవుతుంది.

ఇక అసలు విషయం. సిగ్నల్ 11 అంటే సెగ్మెంటేషన్ ఫాల్ట్. ప్రాసెస్ తనది కాని మెమరీ అడ్రస్‌ను ముట్టుకోబోయింది, కెర్నల్ అక్కడికక్కడే దాన్ని చంపేసింది. మీ పీహెచ్‌పీ లాగ్ ఖాళీగా ఉండటానికి కారణం కూడా ఇదే. లాగ్ రాయాల్సింది పీహెచ్‌పీయే కదా, అదే చనిపోయింది. ట్రై-క్యాచ్ పనిచేయదు, మీరు పెట్టుకున్న ఎర్రర్ హ్యాండ్లర్ పనిచేయదు, ఫేటల్ ఎర్రర్ వచ్చినప్పుడు కూడా నడిచే షట్‌డౌన్ ఫంక్షన్ సైతం నడవదు. కాబట్టి ఆధారం పీహెచ్‌పీ బయట వెతకాలి. మూడు చోట్ల దొరుకుతుంది: వెబ్ సర్వర్ లాగ్, ఎఫ్‌పీఎం లాగ్, కెర్నల్ లాగ్. మూడింటినీ ఒకే సమయానికి పక్కపక్కన పెట్టి చదవండి.

502 అన్నంత మాత్రాన ప్రతిదీ క్రాష్ అనుకోవద్దు. ఎంజిన్‌ఎక్స్ ఎర్రర్ లాగ్‌లో దాని పక్కన ఒక అంకె ఉంటుంది, దాన్ని చూడండి. 104 ఉంటే అవతలి వర్కర్ మధ్యలో పోయింది, ఇది క్రాష్ దారి. 111 ఉంటే ఎఫ్‌పీఎం అసలు నడవడమే లేదు, లేదా వేరే పోర్టులో వింటోంది. 110 అంటే ఎదురుచూసి ఎదురుచూసి టైమౌట్ అయింది, అప్పుడు బయటికి 504 వెళ్తుంది. 11 అని ఉంటే చాలామంది అదీ సిగ్నల్ 11 అనుకుంటారు, కాదు. అక్కడి 11 అర్థం వేరు: సాకెట్ దగ్గర క్యూ నిండిపోయి కొత్త రిక్వెస్ట్‌ను తీసుకోలేకపోయింది. ఆ సమయంలోనే ఎఫ్‌పీఎం లాగ్‌లో మ్యాక్స్ చిల్డ్రన్ పరిమితి (వర్కర్ల గరిష్ఠ సంఖ్య) చేరిందన్న హెచ్చరిక కూడా కనిపిస్తే, మీకు కావాల్సింది వేరే వైద్యం. ఇంకో రకం కూడా ఉంది. పీహెచ్‌పీ పంపిన హెడర్ మరీ పెద్దదైతే (కుకీలు ఎక్కువైనప్పుడు జరుగుతుంది) ఎంజిన్‌ఎక్స్ దాన్ని తీసుకోలేక 502 ఇస్తుంది. అక్కడ ఎవరూ చనిపోలేదు, ఫాస్ట్‌సీజీఐ బఫర్ (పీహెచ్‌పీ జవాబును ఎంజిన్‌ఎక్స్ పట్టుకునే జాగా) సైజు పెంచితే సరిపోతుంది.

ఎఫ్‌పీఎం లాగ్‌లో సిగ్నల్ నంబర్‌ను కూడా జాగ్రత్తగా చదవండి. 9 అయితే బయటి నుంచి ఎవరో చంపారు. కెర్నల్ లాగ్‌లో "అవుట్ ఆఫ్ మెమరీ, కిల్డ్ ప్రాసెస్" అన్న వాక్యం ఉందేమో చూడండి. కంటైనర్‌లో నడుపుతుంటే మొత్తం సర్వర్‌లో ర్యామ్ ఖాళీగా ఉన్నా ఆ కంటైనర్ పరిమితి దాటితే ఇదే జరుగుతుంది. 6 అయితే ప్రాసెస్ తన లోపల ఏదో చెడిందని గుర్తించి తానే ఆగిపోయింది, మెమరీ పాడైనప్పుడు సీ లైబ్రరీ ఇలా చేస్తుంది. మీది 11, కాబట్టి మిగతాదంతా దాని గురించే రాస్తాను.

లాగ్‌లో సిగ్నల్ పక్కన "స్టార్ట్ అయిన ఇన్ని సెకన్లకు" అన్న అంకె కూడా ఉంటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు గానీ, చాలా చెబుతుంది. ప్రతిసారీ ఒక సెకను లోపే అయితే ఏదో ఎక్స్‌టెన్షన్ (పీహెచ్‌పీకి అదనంగా తగిలించే సీ మాడ్యూల్) లోడ్ అవుతూనే పడిపోతోంది. ఒకసారి 40 సెకన్లు, ఒకసారి 3 గంటలు, ఇలా పొంతన లేకుండా ఉంటే ఒక ప్రత్యేకమైన రిక్వెస్ట్ వచ్చినప్పుడు పడుతోంది. అలా కాకుండా వర్కర్ బాగా ముసలిదయ్యాకే పడుతుంటే మెమరీ మెల్లగా పాడవుతున్నట్టు. రీస్టార్ట్ చేశాక కాసేపు బాగుంటోందన్నారు కదా, అది నిజంగా రీస్టార్ట్ వల్లేనా, లేక ఆ గంటలో ఆ పేజీని ఎవరూ తెరవకపోవడం వల్లా అన్నది ఈ అంకెలు వరసగా రాసుకుంటే తెలిసిపోతుంది.

ఇప్పుడు కెర్నల్ లాగ్. డీమెసేజ్ (dmesg) కమాండ్ నడపండి, పాతవి కావాలంటే జర్నల్‌సీటీఎల్‌లో కెర్నల్ సందేశాలు చూడండి. సెగ్‌ఫాల్ట్ అని వెతికితే ఇలాంటి వరస కనిపిస్తుంది: ప్రాసెస్ పేరు, దాని నంబర్, "సెగ్‌ఫాల్ట్ ఎట్ 18", తర్వాత ఐపీ అని ఒక పొడవాటి అడ్రస్ (నెట్‌వర్క్ ఐపీ కాదు, ఆ క్షణంలో నడుస్తున్న కోడ్ ఉన్న చోటు), ఎస్పీ అని ఇంకో అడ్రస్ (స్టాక్ ఎంతవరకు వచ్చిందో చెప్పేది), "ఎర్రర్ 4", చివర్లో "ఇన్" అని ఒక ఫైల్ పేరు. మొదటిసారి చూస్తే టెన్షన్ పుడుతుంది గానీ, ఇంత చిన్న జాగాలో ఇన్ని విషయాలు చెప్పే వరస మీకు ఇంకెక్కడా దొరకదు. ఒక్కొక్కటే చూద్దాం.

"ఎట్" పక్కన ఉన్నది ముట్టుకోబోయిన అడ్రస్. అది 0 గానీ, 18 లాంటి చిన్న అంకె గానీ అయితే నల్ పాయింటర్: ఏదో ఉందనుకుని వెళ్లారు, అక్కడ ఏమీ లేదు. ఎర్రర్ 4 అంటే చదవబోతే పడింది, 6 అంటే రాయబోతే పడింది. చివరి ఫైల్ పేరు అన్నిటికంటే విలువైనది. ఆపరేషన్ ఎక్కడ ఆగిందో ఆ లైబ్రరీ పేరు అది. ఓపీక్యాష్ (కంపైల్ అయిన పీహెచ్‌పీ కోడ్‌ను దాచి ఉంచేది) ఫైల్ పేరు ఉంటే అటు వెళ్లాలి, ఇమేజ్‌మ్యాజిక్ లైబ్రరీ ఉంటే ఇటు. పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం పేరే ఉంటే ఇంజిన్ లోపలే పడింది, అప్పుడు ఇంకాస్త తవ్వాలి. ఒక హెచ్చరిక: పడిన చోటూ తప్పు జరిగిన చోటూ ఒకటే కానక్కర్లేదు. ఒక ఎక్స్‌టెన్షన్ మెమరీని పాడుచేసి వెళ్లిపోతే, ఆ తర్వాత అటుగా వచ్చిన అమాయకమైన కోడ్ పడిపోతుంది. అందుకే ఒక్క వరస చూసి తీర్పు ఇవ్వకుండా ఐదారు క్రాష్‌ల వరసలు పక్కపక్కన పెట్టండి. అన్నింట్లో ఒకే లైబ్రరీ, ఒకే చోటు అయితే నమ్మకంగా ముందుకు వెళ్లొచ్చు. ప్రతిసారీ వేరే వేరే చోట్ల అయితే మెమరీ పాడవుతోందని అనుమానించాలి. అరుదుగానైనా ర్యామ్ హార్డ్‌వేర్ లోపం కూడా కావచ్చు.

ఇంకొక్కటి చూడండి. ముట్టుకున్న అడ్రస్, ఎస్పీ పక్కన ఉన్న అడ్రస్, ఈ రెండూ దాదాపు ఒకటే అయితే, ముందున్న సున్నాలు వదిలేస్తే మొదటి అక్షరాలు చాలావరకు కలుస్తుంటే, అది స్టాక్ (ఫంక్షన్ పిలుపుల లెక్క పెట్టుకునే మెమరీ) నిండిపోవడం. లినక్స్‌లో సాధారణంగా స్టాక్‌కు 8 ఎంబీ ఉంటుంది. అంతులేని రికర్షన్ (ఫంక్షన్ తనను తానే మళ్లీ మళ్లీ పిలుచుకోవడం) దాన్ని తినేసింది. నా అనుభవంలో "ఏ కోడూ మార్చలేదు, ఉన్నట్టుండి మొదలైంది" అని వచ్చేవాటిలో ఇది చాలా ఎక్కువ.

ఒకసారి నాకు జరిగినది చెబుతాను. వస్తువుల కేటగిరీలు చెట్టులా చూపించే సైట్. నెలల తరబడి బాగా నడిచింది. ఒక రోజు నుంచి రోజుకు పదిసార్లు సిగ్నల్ 11. నేను రెండు రోజులు ఎక్స్‌టెన్షన్లు ఒక్కొక్కటే తీస్తూ, పెడుతూ గడిపాను. కెర్నల్ వరసలో ఆ రెండు అడ్రస్‌లు దగ్గరగా ఉన్నాయని మూడో రోజు గానీ గమనించలేదు. అప్పుడు డేటాబేస్ చూస్తే, ఒక కేటగిరీకి పేరెంట్‌గా అదే కేటగిరీ నంబర్ ఉంది. అడ్మిన్ పేజీలో ఎవరో పొరపాటున అలా సేవ్ చేశారు. చెట్టు కట్టే ఫంక్షన్ అర్రే-మ్యాప్ (జాబితాలోని ప్రతి అంశానికీ ఒక ఫంక్షన్ నడిపేది) ద్వారా తనను తాను పిలుచుకుంటోంది. ఆ కేటగిరీ తెరిచినవాళ్లకే 502, మిగతా అందరికీ సైట్ చక్కగా కనిపించేది. కోడ్ మారలేదన్నది నిజమే. మారింది డేటా.

ఇక్కడ అర్రే-మ్యాప్ అన్న మాట ముఖ్యం. మామూలు పీహెచ్‌పీ ఫంక్షన్ తనను తాను నేరుగా పిలుచుకుంటే ఆ లెక్క పీహెచ్‌పీ సొంత మెమరీలో నడుస్తుంది, చివరికి మెమరీ లిమిట్ ఎర్రర్ వస్తుంది, లైను కూడా తెలుస్తుంది. కానీ మధ్యలో పీహెచ్‌పీ లోపలి ఫంక్షన్ ఏదైనా ఉంటే, అంటే అర్రే-మ్యాప్, యూసార్ట్, ప్రెగ్ రీప్లేస్ కాల్‌బ్యాక్, లేదా గెట్, టూస్ట్రింగ్ లాంటి మ్యాజిక్ మెథడ్‌లు ఉంటే, ప్రతి చుట్టుకూ సీ స్టాక్ ఖర్చవుతుంది. అది నిండితే హెచ్చరిక లేకుండా సెగ్‌ఫాల్టే. 2023 నవంబర్‌లో వచ్చిన 8.3లో దీనికి మందు వేశారు. స్టాక్ పరిమితి దగ్గరపడగానే, ఇది అంతులేని రికర్షనా అని అడుగుతూ ఒక ఎర్రర్ విసురుతుంది, దాన్ని పట్టుకోవచ్చు, లైను చూడవచ్చు. మీరు 8.2 మీద ఉన్నారు కాబట్టి మీకు ఆ రక్షణ లేదు. టెస్ట్ సర్వర్‌లో అదే డేటాతో 8.3 పెట్టి ఆ పేజీ తెరిచి చూడటం, నిజానికి, రికర్షన్‌ను పట్టుకోవడానికి అన్నిటికంటే సులువైన దారి.

డెవలపర్ మెషీన్‌లో ఎందుకు రావట్లేదు అన్న ప్రశ్న కూడా మీకు వస్తుంది. అక్కడ సాధారణంగా ఎక్స్‌డీబగ్ అనే తప్పులు వెతికే ఎక్స్‌టెన్షన్ ఉంటుంది. అది కొన్ని వందల మెట్లు లోతుకు వెళ్లగానే ఆపేసి ఎర్రర్ చూపిస్తుంది. సర్వర్‌లో అది ఉండదు, ఉండకూడదు కూడా.

ఏ పేజీ తెరిస్తే పడుతోందో కనుక్కోవడం ఇంకో పని. ఎఫ్‌పీఎంకు యాక్సెస్ లాగ్ పెట్టినా, అది రిక్వెస్ట్ ముగిశాకే రాస్తుంది కాబట్టి పడిపోయిన రిక్వెస్ట్ అందులో కనిపించదు. ఎంజిన్‌ఎక్స్ యాక్సెస్ లాగ్‌లో 502 ఉన్న వరసలు తీసి, ఏ అడ్రస్‌లు మళ్లీ మళ్లీ వస్తున్నాయో లెక్కపెట్టండి. పది నిమిషాల పని, సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. అపాచీ వెబ్ సర్వర్ లోపలే పీహెచ్‌పీని నడిపే మాడ్-పీహెచ్‌పీ వాడేవారికి ఈ సౌకర్యం లేదు. అక్కడ ప్రాసెస్‌తో పాటు లాగ్ రాయాల్సిన భాగమూ పోతుంది. వాళ్ల కోసం ఫోరెన్సిక్ లాగ్ అనే మాడ్యూల్ ఉంది. రిక్వెస్ట్ రాగానే ప్లస్ గుర్తుతో ఒక వరస, ముగిశాక మైనస్ గుర్తుతో ఇంకో వరస రాస్తుంది. ప్లస్ ఉండి మైనస్ లేనిదే మీరు వెతికేది.

రూట్ అనుమతి లేని షేర్డ్ హోస్టింగ్‌లో ఉన్నవాళ్లు ఇదే పద్ధతిని పీహెచ్‌పీలోనే చేసుకోవచ్చు. ఆటో ప్రిపెండ్ ఫైల్‌లో (ప్రతి పేజీకి ముందు తనంతట తాను నడిచే ఫైల్) ప్రాసెస్ నంబర్, పేజీ అడ్రస్ ఒక ఫైల్లో రాయండి, షట్‌డౌన్ ఫంక్షన్‌లో "ముగిసింది" అని రాయండి. ముగింపు లేనివి క్రాష్‌లు. ఆ పేజీని కమాండ్ లైన్‌లో నడపగలిగితే ఇంకా మంచిది. ఎగ్జిట్ కోడ్ 139 వస్తే సిగ్నల్ 11 (128కి 11 కలిపిన అంకె), 137 వస్తే సిగ్నల్ 9.

ఇక ఓపీక్యాష్ సంగతి. మీ సెట్టింగుల్లో జిట్ (నడుస్తుండగానే పీహెచ్‌పీ కోడ్‌ను మెషీన్ కోడ్‌గా మార్చేది) బఫర్ సైజు 0 కాకుండా ఏదైనా ఉందా చూడండి. 8.0 నుంచి 8.3 వరకు అది మామూలుగా 0, అంటే జిట్ ఆపి ఉంటుంది. వేగం పెంచే చిట్కాలు ఎక్కడో చూసి చాలామంది 100 ఎంబీ అని పెట్టేసుకుంటారు. మామూలు వెబ్‌సైట్ ఎక్కువ సేపు డేటాబేస్ కోసమే ఎదురుచూస్తుంది, దానికి జిట్ వల్ల ఒరిగేది చాలా తక్కువ. క్రాష్‌లు మాత్రం ఆ భాగంలో నేను తగినన్ని చూశాను. అనుమానం ఉంటే ముందు 0 చేసి రెండు రోజులు గమనించండి. అప్పటికీ ఆగకపోతే కేవలం పరీక్ష కోసం, రద్దీ తక్కువ ఉన్న వేళ, ఓపీక్యాష్‌ను పూర్తిగా ఆపి చూడండి. ఆగిపోతే దారి దొరికినట్టే, కానీ అలాగే వదిలేయకండి. ఓపీక్యాష్ లేకుండా నడపడమంటే ప్రతి రిక్వెస్ట్‌కూ ప్రతి ఫైలూ మళ్లీ కంపైల్ చేయించడం.

ఎక్స్‌టెన్షన్లలో మొదట అనుమానించాల్సింది చేత్తో కంపైల్ చేసుకున్నవి. వేరే పీహెచ్‌పీ వెర్షన్‌కు కట్టినదైతే స్టార్ట్ అయ్యేటప్పుడే చెబుతుంది. 8.2కు ఆ ఏపీఐ నంబర్ 20220829, 8.3కు 20230831, రెండూ కలవకపోతే లోడ్ చేయదు. అది మంచిదే. ప్రమాదం ఇంకోచోట ఉంది. ఎక్స్‌టెన్షన్ అలాగే ఉంటుంది, ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్‌లో దాని కింద ఉన్న సీ లైబ్రరీ మారిపోతుంది. అప్పుడు ఏ హెచ్చరికా రాదు. కాబట్టి క్రాష్‌లు ఏ తేదీన మొదలయ్యాయో చూసి, ప్యాకేజీ మేనేజర్ చరిత్రలో ఆ తేదీకి అటూ ఇటూ ఏం మారిందో చూడండి. ఇమేజిక్ (ఇమేజ్‌మ్యాజిక్‌ను పీహెచ్‌పీలో వాడే ఎక్స్‌టెన్షన్) వాడుతుంటే, అది లోపల ఓపెన్‌ఎంపీ అనే లైబ్రరీతో చాలా త్రెడ్‌లు పుట్టించి ఇబ్బంది పెట్టిన సందర్భాలు ఉన్నాయి, త్రెడ్‌ల పరిమితిని 1 చేసి చూడటం తేలిక. పనితీరు కొలిచే ఎక్స్‌టెన్షన్లు రెండు ఒకేసారి పెట్టారేమో కూడా చూడండి. రెండూ ఇంజిన్‌లో ఒకే చోట చేయి పెడతాయి. తీసేటప్పుడు ఒకసారి ఒక్కటే తీయండి, తీసిన సమయం రాసుకోండి.

అపాచీలో మాడ్-పీహెచ్‌పీ అయితే ఇంకో కారణం ఉంది: వర్కర్ లేదా ఈవెంట్ ఎంపీఎంలో (అపాచీ త్రెడ్‌లతో రిక్వెస్ట్‌లు నడిపే పద్ధతులు) త్రెడ్-సేఫ్ కాని పీహెచ్‌పీని పెట్టడం. మీకు వర్తించదు కాబట్టి వదిలేస్తున్నాను.

ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే కోర్ డంప్ (పడిన క్షణంలో ప్రాసెస్ మెమరీ నకలు) తీయాలి. చాలామంది దీనికి భయపడతారు, నిజానికి గంట పని. ఎఫ్‌పీఎం పూల్ సెట్టింగుల్లో కోర్ పరిమితిని అన్‌లిమిటెడ్ చేయండి. డంపబుల్ అన్న సెట్టింగును యెస్ చేయండి. ఇది మర్చిపోయి కోర్ రావట్లేదని తలపట్టుకునేవాళ్లు చాలామంది. ఎఫ్‌పీఎం రూట్‌గా మొదలై వేరే యూజర్‌గా మారుతుంది కాబట్టి, భద్రత కోసం కెర్నల్ అలాంటి ప్రాసెస్‌కు డంప్ ఇవ్వదు, మనం అడిగి తీసుకోవాలి. సిస్టమ్‌డీ ఉన్న చాలా సర్వర్లలో కోర్‌డంప్‌సీటీఎల్ అన్న కమాండ్‌తో జాబితా చూడవచ్చు. పీహెచ్‌పీ డీబగ్ సింబల్స్ ప్యాకేజీ కూడా వేసుకోండి, అది లేకపోతే పేర్లకు బదులు ప్రశ్నార్థకాలే కనిపిస్తాయి. వాటి వెర్షన్ మీ పీహెచ్‌పీ వెర్షన్‌తో అచ్చంగా కలవాలి.

కోర్‌ను జీడీబీ అనే డీబగ్గర్‌లో తెరిచి బ్యాక్‌ట్రేస్ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందన్న జాబితా) అడగండి. పై నుంచి చదవండి, సున్నా నంబర్ ఉన్నది పడిన చోటు. వేల వరసలు వచ్చి, ఒకే మూడు నాలుగు పేర్లు తిరిగి తిరిగి వస్తుంటే రికర్షన్ ఖాయం. పీహెచ్‌పీ సోర్స్‌తో పాటు వచ్చే జీడీబీ ఇనిట్ ఫైల్‌ను లోడ్ చేస్తే జెడ్-బ్యాక్‌ట్రేస్ అని ఇంకో కమాండ్ వస్తుంది. అది సీ ఫంక్షన్లకు బదులు మీ పీహెచ్‌పీ ఫైళ్ల పేర్లు, లైన్ నంబర్లు చూపిస్తుంది. రోజుల తరబడి వెతికినది అక్కడ ఒక్క వరసలో కనిపిస్తుంది.

వెతుకులాట సాగుతున్నంత కాలం సైట్ నడవాలి కదా. క్రాన్‌తో (నిర్ణీత వేళల్లో కమాండ్లు నడిపేది) గంటకోసారి రీస్టార్ట్ పెట్టకండి. నడుస్తున్న రిక్వెస్ట్‌లు కూడా తెగిపోతాయి, మీ ఆధారాలూ కలగాపులగం అవుతాయి. దానికి బదులు మ్యాక్స్ రిక్వెస్ట్స్‌ను 500 చేయండి, ఒక్కో వర్కర్ అన్ని రిక్వెస్ట్‌ల తర్వాత తనంతట తాను కొత్తదవుతుంది. ఎమర్జెన్సీ రీస్టార్ట్ సెట్టింగులు రెండున్నాయి: నిమిషంలో పది వర్కర్లు సెగ్‌ఫాల్ట్ అయితే ఎఫ్‌పీఎం మొత్తం తిరిగి మొదలవ్వాలి అని చెప్పవచ్చు. మామూలుగా ఇవి ఆపి ఉంటాయి. ఓపీక్యాష్ షేర్డ్ మెమరీ పాడైతే అన్ని వర్కర్లూ వరసగా పడతాయి, అప్పుడు ఇది కాపాడుతుంది. కొత్త కోడ్ పెట్టి రీలోడ్ చేసినప్పుడల్లా 502 వస్తుంటే అది క్రాష్ కాదు, ప్రాసెస్ కంట్రోల్ టైమౌట్ 0 ఉండటం వల్ల పనిలో ఉన్న వర్కర్లను వెంటనే ఆపేస్తోంది. దానికి 10 సెకన్లు ఇవ్వండి.

మీ విషయంలో నా మొదటి అనుమానం రికర్షన్, రెండోది జిట్. ఈ రాత్రికే కెర్నల్ వరసలు తీసి ఆ రెండు అడ్రస్‌లు పోల్చండి, జిట్ బఫర్ విలువ చూడండి, 502 వచ్చిన పేజీల జాబితా తయారుచేయండి. ఆ మూడూ నాకు రాస్తే తర్వాతి అడుగు చెప్పగలను. లోపం పీహెచ్‌పీదేనని తేలితే, క్రాష్‌ను తెప్పించే పది పదిహేను లైన్ల స్క్రిప్ట్‌గా కుదించి, బ్యాక్‌ట్రేస్ జతచేసి, గిట్‌హబ్‌లో పీహెచ్‌పీ వాళ్లకు పంపండి. కోర్ ఫైల్‌ను మాత్రం ఎవరికీ పంపకండి. అందులో డేటాబేస్ పాస్‌వర్డ్, ఆ క్షణంలో లాగిన్ అయి ఉన్న మనిషి సెషన్, వాళ్లు ఫారంలో నింపిన వివరాలు యథాతథంగా ఉంటాయి. పని అయ్యాక దాన్ని తీసేసి, డంపబుల్‌ను మళ్లీ నో చేసేయండి.